మా డెప్యూటీ పెట్టిన భోజనం

మా డెప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ పోయింది. మొన్న శనివారం డాలస్ పక్క ఇర్వింగ్‌లో ఒక చర్చి హాల్లో సంతాపసభ పెట్టారు. జాంబియాలో ఆవిడ దగ్గర చదువుకుని, ఈ అమెరికాలో తలో మూలా స్థిరపడ్డ ఆడవాళ్లంతా విమానాలు పట్టుకుని వచ్చారు. నేనూ వెళ్లాను. ఆ హాలు మొత్తమ్మీద చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

అట్లాంటా నుంచి వచ్చిన ఒకావిడ, నాకంటే బాగా సీనియర్, పెద్ద టోపీ పెట్టుకుని మైకు ముందుకొచ్చింది. "మన డెప్యూటీ ఏ పిల్లకీ ఖాళీ కడుపుతో చావు కబురు వినిపించలేదు. ముందు కడుపు నింపేది, తర్వాతే చెప్పేది. అంత మనసు ఎవరికుంటుంది?" అంది. హాలంతా కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పాపం, ఆ టోపీ ఆవిడ తప్పేం లేదు. ఆవిడకి తెలియదు. ఏ పనికైతే అందరూ చేతులెత్తి దండం పెడుతున్నారో, ఆ పనే మా డెప్యూటీని చివరి ఏడాదంతా లోపల్లోపల కొరుక్కుతింది. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగోలేదని తప్పించుకున్నాను. మైకులో చెప్పే సంగతి కాదది. అందుకే తీరిగ్గా రాసుకుంటున్నాను.

మా నాన్న జాంబియాలో లెక్కల మాస్టారు. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది అలా ఆఫ్రికా దేశాల బళ్లకి పాఠాలు చెప్పడానికి వెళ్లారు. మేమున్న చిన్న ఊళ్లో ఆడపిల్లలకి పై చదువు లేదు. దాంతో నన్ను దూరంగా ఒక బోర్డింగ్ స్కూల్లో వేశారు. అక్కడ పెద్దవాళ్లని పిలిచేటప్పుడు పేరుకి 'బా' తగిలిస్తారు. మన 'గారు' లాంటిదే. కాకపోతే మనం వెనక తగిలిస్తాం, వాళ్లు ముందు. ఆ లెక్కన ఆవిడ మా అందరికీ 'బా డెప్యూటీ'. అసలు పేరు పలికే ధైర్యం మాకెవరికీ లేదు. ఇప్పుడూ లేదు.

స్కూలుకి హెడ్ వేరే ఉండేవాడు. మంచివాడే. సూటూ బూటూ వేసుకుని, ప్రభుత్వం వాళ్లు వస్తే గేటు దగ్గర నవ్వేవాడు, వార్షికోత్సవానికి ప్రసంగం చేసేవాడు. తతిమ్మాదంతా డెప్యూటీయే. నీళ్ల మోటారు కాలిపోయినా, వంటింట్లో పిండి నిండుకున్నా, ఒక పిల్ల ఇంటి మీద బెంగతో గోడ దూకినా ఆవిడే. ఏమడిగినా "డెప్యూటీని కనుక్కుని చెప్తాను" అనేవాడు హెడ్. ఆవిడ ఆ మాట విని, "హెడ్ ఉన్నది ఫోటోలో నిలబడడానికమ్మా, నేనున్నది ఫోటో తీసే గది ఊడ్పించడానికి" అనేది. అని నవ్వేది కూడా కాదు.

మనిషి పొట్టి, లావు. పైన ఇస్త్రీ నలగని స్కర్టు, కోటు. కాళ్లకి మాత్రం గుడ్డ బూట్లు. ఎందుకంటారా? చప్పుడు కాకుండా వెనక నుంచి రావడానికి! దుప్పటి కింద టార్చి పెట్టుకుని నవలలు చదివేవాళ్లకి, స్నానాల గది వెనక జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్లకి ఆ బూట్లంటే సింహస్వప్నం. కోటు జేబులో ఎప్పుడూ ఒక స్టీలు చెంచా ఉండేది. భోజనాల ముందు వంటింట్లోకి వెళ్లి గుండిగల్లోంచి రుచి చూసేది. బాగోకపోతే ఒక్క మాట అనేది కాదు. అదే చెంచాతో తీసి వంటమనిషి నోటికి అందించేది. వంటమనిషి మొహం చిట్లించగానే, "తెలిసిందిగా" అని వెళ్లిపోయేది. మేమంతా తిన్నాక, అడుగున మిగిలింది తాను తినేది. అలా ఎందుకని ఒకసారి ఎవరో అడిగితే, "ముందు తింటే మీకు సరిపోతుందో లేదో నాకెలా తెలుస్తుంది?" అంది.

నన్ను చేర్పించిన రోజు అమ్మ కూడా వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. మేము చేపా మాంసం తినమని నాన్న చెప్తుంటే డెప్యూటీ నుదురు ముడుచుకుంది. అక్కడ వారంలో సగం రోజులు ఎండు చేపలే మరి. అమ్మకి అర్థమైపోయింది, ఈ పిల్ల ఇక్కడ పస్తులుంటుందని. గబగబా సంచీలోంచి ఆవకాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది. డెప్యూటీ జేబులోంచి చెంచా తీసి, ముంచి, నోట్లో పెట్టుకుంది. "అయ్యో అయ్యో, అన్నంలో కలుపుకోవాలండీ, ఉత్తిదే తినకూడదండీ!" అని అమ్మ తెలుగులో మొత్తుకుంటోంది. ఆవిడ కళ్లల్లోంచి నీళ్లు ధారలు కడుతున్నాయి. అయినా చలించకుండా రెండో చెంచా తీసుకుంది. అప్పుడు నాన్నతో అంది, "మీ ఆవిడతో చెప్పండి. ఇది తిని బతికిన పిల్ల ఇక్కడ దేన్నైనా తట్టుకుంటుంది. నేను చూసుకుంటాను." నాన్న అది తెలుగులో చెప్పాక అమ్మ మొదటిసారి నవ్వింది. ఎండు చేపల రోజున నాకు విడిగా బీన్స్ వచ్చేవి. ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఇక ఆ సంగతి. ఆ రోజుల్లో ఆ దేశంలో, పేరు పెట్టి ఎవరూ చెప్పుకోని జబ్బొకటి ఇళ్లకి ఇళ్లు ఖాళీ చేసేది. చావు కబురు రాని నెల ఉండేది కాదు. కబురు ఆఫీసు ఫోనుకి వచ్చేది. పిల్లని ఆఫీసుకి పిలిపించి నిలబెట్టి చెప్పేయడం పాత పద్ధతి. ఆవిడ డెప్యూటీ అయ్యాక ఆ పద్ధతి మాన్పించింది. "ఆకలి చెవికి అన్నీ గట్టిగా వినిపిస్తాయి" అనేది. కబురు వచ్చిన పూట భోజనానికి ఆవిడే వంటింట్లోంచి కంచం పట్టుకొచ్చి ఆ పిల్ల ముందు పెట్టేది. పక్కన బెంచీ మీద కూర్చునేది. చదువు గురించి, పాటల పోటీ గురించి ఏదో మాట్లాడుతూ మొత్తం తినేదాకా కదిలేది కాదు. చెయ్యి కడుక్కున్నాక ఆ పిల్లని నడిపించుకుంటూ జామతోట వైపు తీసుకెళ్లి అక్కడ చెప్పేది.

తెలియకుండా, నిశ్చింతగా తిన్న చివరి భోజనం ఆ పిల్లకి తానిస్తున్నాననుకునేది ఆవిడ. కానీ ఎంత వెర్రిదమ్మా! మామూలు రోజుల్లో పిల్లల బెంచీ మీద కూర్చోని మనిషి ఒక పిల్ల పక్కన కూర్చుందంటే మాకు తెలియదా? మొదట్లో తెలియలేదేమో గానీ, నేను చేరేటప్పటికే అందరికీ తెలుసు. ఆవిడ కూర్చోగానే హాలంతా మాట పడిపోయేది. ఆవిడ తనంటే భయమనుకునేది. ఆ కూర్చున్న పిల్లకీ తెలిసేది. తెలిసి తినేది. ఆవిడ ఎంతో ఆశగా మొహంలోకి చూస్తుంటే తినక ఏం చేస్తుంది? ఎవరూ ఆవిడతో అనలేదు. ఆవిడ మంచితనాన్ని కాపాడే పని పిల్లలం మేమే నెత్తిన వేసుకున్నాం.

నా వంతు వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. న్షిమా, బీన్స్, క్యాబేజీ. న్షిమా అంటే వాళ్ల మొక్కజొన్న సంకటి. డెప్యూటీ కంచం పెట్టి పక్కన కూర్చుంది. నా ఎదురుగా కూర్చున్న ములెంగా తల వంచేసుకుంది. ములెంగా అప్పుడూ ఇప్పుడూ నా ప్రాణస్నేహితురాలు. డెప్యూటీ ఆ రోజు త్రికోణమితి గురించి అడిగింది. నేను జవాబులు చెప్పాను. సంకటి ముద్ద నోట్లో తిరుగుతోంది కానీ దిగడం లేదు. నీళ్లు తాగి మింగాను. కంచం ఖాళీ చేశాను. జామతోటలో ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అమ్మ. పొద్దున. జ్వరం తలకెక్కిందట" అంది. మలేరియా అది.

స్కూలు వ్యాన్లో ఆవిడే నాతో మా ఊరొచ్చింది. దారంతా చెయ్యి వదల్లేదు. ఇంటికి వెళ్లేసరికి ఆ ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లూ వచ్చి ఉన్నారు. డెప్యూటీకి ఎవరో కుర్చీ వేశారు. ఆవిడ కుర్చీ పక్కకి జరిపి, బూట్లు విప్పి, ఆడవాళ్లతో పాటు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వాళ్లలో చావింట ఆడవాళ్లు అలాగే కూర్చోవాలి. పక్కింటి పిన్ని నన్ను కౌగిలించుకుని ఏడ్చి, "ఏమైనా ఎంగిలిపడ్డావా తల్లీ?" అంది. తిన్నానన్నాను. పిన్ని ఏడుపు ఆగిపోయింది. "ఏమిటీ? తల్లి ఇంకా ఇంట్లో ఉండగానే? అన్నం తినొచ్చావా?" అంది. శవం లేచేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు కదా మనలో. ఆవిడ కావాలని అన్న మాట కాదు, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. డెప్యూటీ మా మొహాలు చూసి, "ఏమంటోంది?" అని నాన్నని అడిగింది. నాన్న "ఏం లేదు మేడమ్" అన్నాడు. నాన్న కూడా ఆవిడని కాపాడాడు.

తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. నేను ఇండియాలో ఇంజనీరింగ్ చదివి, పెళ్లి చేసుకుని, ఈ టెక్సాస్‌లో వచ్చి పడ్డాను. ములెంగా నర్సుగా డాలస్‌కి వచ్చింది. డెప్యూటీ ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు.

ఒక ఆదివారం ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌లో పప్పులు తీసుకుంటున్నాను. ఎవరి పిల్లలో షాపింగ్ కార్ట్ ఎక్కి రేసులాడుతున్నారు. "వాక్!" అని వెనక నుంచి ఒక గొంతు, పరిగెత్తకుండా నడవమని. గట్టిగా కూడా అనలేదు. పిల్లలు ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను. నా వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయింది.

"ఏంటి, అట్టా బిగుసుకుపోయావ్? బిల్లింగ్ దగ్గర లైన్ పెరిగిపోతోంది, రా" అన్నాడు మా ఆయన.

తిరిగి చూస్తే ఆవిడే. జుట్టు ముగ్గుబుట్ట అయిపోయింది. చేతిలో పల్లీల ప్యాకెట్. కాళ్లకి గుడ్డ బూట్లు. నేను దగ్గరికెళ్లి స్కూల్లోలాగే కొంచెం మోకాళ్లు వంచి "బా డెప్యూటీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆవకాయ" అంది. అంతే, అక్కడే ఆవిడ భుజం మీద పడి ఏడ్చేశాను. మా ఆయన కందిపప్పు పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు.

భర్త పోయాక నర్సుగా పనిచేసే కూతురు ఆవిడని ఇక్కడికి తీసుకొచ్చుకుంది. లాస్ కొలినాస్ వైపు అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు. మనవరాలు హ్యూస్టన్‌లో కాలేజీ. కూతురివి రాత్రి డ్యూటీలు. పగలు తను పడుకుంటే ఈవిడకి తోచదు. డ్రైవింగ్ రాదు. ఈ ఊళ్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే కదా. ఏం చేస్తుంది మరి? స్కూలు పెట్టింది! అంటే నిజంగా స్కూలు కాదు. ఆ కాంప్లెక్స్‌లో సగం మన తెలుగువాళ్లే. పొద్దున్నే స్కూల్ బస్ స్టాప్ దగ్గరికి వెళ్లి పిల్లలందరినీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టేది. బూట్ల లేసులు చూసేది. టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లని మొహం చూసి పసిగట్టేది.

"ఆంటీ మ్యాజిక్ చేశారండీ! మావాడు ఇంట్లో పాలు తాగమంటే వెయ్యి ఎక్స్‌క్యూజ్‌లు. ఇప్పుడు 'లైన్‌లో గ్రాండ్‌మా అడుగుతుంది, మిల్క్ ఇచ్చెయ్' అని వాడే పరిగెత్తుకొస్తున్నాడు" అని ఒకమ్మాయి నాతో మురిసిపోయింది. మా అమ్మాయిని ఒకసారి తీసుకెళ్తే నోరు తెరిచి చూసింది. "అమ్మా, బస్ స్టాప్‌కి కూడా ప్రిన్సిపాల్ ఉంటుందా?" అంది. "ప్రిన్సిపాల్ కాదు, డెప్యూటీ. ప్రిన్సిపాల్ కన్నా పెద్ద" అన్నాను.

ఆవిడ దొరికాక గడిచిన ఆ రెండేళ్లూ నాకు పోయిన పుట్టిల్లు తిరిగొచ్చినట్టుండేది. సెలవు రోజున నేనో ములెంగానో కారులో తీసుకెళ్లేవాళ్లం. కారెక్కగానే సీటు బెల్ట్ పెట్టుకుని, "రోల్ కాల్" అనేది. మేము "ప్రెజెంట్ మేడమ్" అనాలి. అనకపోతే కారు కదలనిచ్చేది కాదు.

పోయినేడు ఒక మంగళవారం పొద్దున ఆఫీసులో ఉండగా మనవరాలి ఫోను వచ్చింది. రాత్రి డ్యూటీ నుంచి వస్తూ హైవే మీద వాళ్లమ్మ కారుకి ట్రక్కు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. హాస్పిటల్ వాళ్లు మనవరాలికి ఫోన్ చేశారు.

"ఆంటీ, నేను ఫ్రెండ్ కారులో స్టార్ట్ అవుతున్నాను. వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోపల అమ్మమ్మకి ఎవరైనా చెప్పేస్తే? నేను ఫోన్‌లో చెప్పలేను ఆంటీ. మీరు వెళ్లండి, ప్లీజ్" అని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

ములెంగాకి ఫోన్ చేశాను. అది నేరుగా మా ఇంటికి వచ్చింది. ఇద్దరం వంటింట్లోకి వెళ్లాం. ఒకరితో ఒకరం ఒక్క మాట అనుకోలేదు. అది స్టవ్ మీద నీళ్లు పెట్టి మొక్కజొన్న పిండి పోసింది. నేను బీన్స్ డబ్బాలు విప్పి ఉల్లిపాయ కోశాను. ఇంత ఘోరం జరిగితే వీళ్లు వంట చేసుకోవడమేమిటని చూసినవాళ్లెవరైనా అనుకుంటారు. మాకు వేరే దారి తెలియదు. చావు కబురు ఎలా చెప్పాలో ఆవిడే మాకు నేర్పింది. ఆవిడకి మరో రకంగా చెప్పడం అపచారమనిపించింది.

తలుపు తీసింది. "అమ్మాయి ఇంకా రాలేదు. ఓవర్‌టైమ్ కాబోలు" అంది. తర్వాత మా ఇద్దరినీ చూసింది. పనిరోజున, పగటిపూట, చేతుల్లో గిన్నెలతో. పక్కకి తప్పుకుంది. ములెంగా కంచంలో వడ్డించింది. నేను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు నేనేం చేశానో. ఆవిడ నా కుర్చీ వైపు చూసింది. కంచం వైపు చూసింది. లేచి చెయ్యి కడుక్కొచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ముద్ద చేసింది.

ఆ తినడం నేను చెప్పలేను. తొందర లేదు. ముద్ద తర్వాత ముద్ద. మధ్యలో ఇంకొంచెం బీన్స్ వెయ్యమంది. ఆపమని అరవాలనిపించింది. కంచం పూర్తిగా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఇద్దరిలో ఎవరు?" అంది.

"మీ అమ్మాయి మేడమ్" అన్నాను.

"చిన్నది?"

"బాగానే ఉంది మేడమ్. దార్లో ఉంది, వస్తోంది."

తల ఊపింది. ములెంగా వైపు తిరిగి, "బీన్స్‌లో ఉప్పు సరిపోయింది" అంది. కుర్చీలోంచి నెమ్మదిగా నేల మీదకి జారి, కాళ్లు చాపుకుని కూర్చుంది. మేమిద్దరం చెరో పక్కా కూర్చున్నాం. మనవరాలు వచ్చేదాకా ముగ్గురిలో ఎవరం లేవలేదు.

అంత్యక్రియలయ్యాక మనవరాలు ఇక్కడి కాలేజీకి మారి అమ్మమ్మ దగ్గరే ఉంది. డెప్యూటీ మళ్లీ బస్ స్టాప్‌కి వెళ్లలేదు. పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్లు నిలబడుతున్నారు. "ఆంటీ, అమ్మమ్మ నాతో కలిసి తినట్లేదు. నేను పక్కన కూర్చుంటే కంచం తీసుకుని లేచిపోతోంది" అని ఆ పిల్ల నా దగ్గర బాధపడింది. ఒక శనివారం నేను అన్నం, పప్పు తీసుకెళ్లాను. పక్కన కూర్చోబోతే, "అటు, ఎదురుగా కూర్చో" అంది. కంచం ముట్టలేదు.

"నిన్నొకటి అడగాలి. మీ అమ్మ పోయిన రోజు నువ్వు తింటున్నప్పుడు నీకు తెలుసా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ చూపు అదే, దొంగ జ్వరాలు పట్టుకునే చూపు.

"తెలుసు మేడమ్."

"మిగతా పిల్లలకి?"

"అందరికీ తెలుసు మేడమ్. మీరు కూర్చోగానే హాలంతా చప్పుడు ఆగిపోయేది."

"అది నేనంటే భయం అనుకున్నాను." కిటికీ వైపు తిరిగింది. "ఒక్కరైనా చెప్పలేదేం నాకు?"

"మీరంత ప్రేమగా పెడుతుంటే ఎలా చెప్తాం మేడమ్?"

"నేనూ అందుకే తిన్నాను ఆ రోజు. మీరిద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. వండి తెచ్చారు పాపం. తినకపోతే మీరేమైపోతారో అనిపించింది." కంచం పక్కకి నెట్టింది. "అది కాదు అసలు సంగతి. నీకు చెప్తాను, ఇంకెవరికీ చెప్పకు. నేను బతికుండగా చెప్పకు. తింటున్నంతసేపూ నాకు తెలుసు, ఇద్దరిలో ఒకరని. మీరు కంచం నిండా పెట్టారు. అంత సమయం దొరికితే మనసు ఊరుకుంటుందా? దేవుడా చిన్నది కాకూడదు, చిన్నది కాకూడదు అని ముద్ద ముద్దకీ అనుకున్నాను. చిన్నది కాకూడదంటే ఎవరన్నమాట? నా కూతురి చావు నేనే కోరుకున్నాను. అడిగిందే ఇచ్చాడు దేవుడు."

"మేడమ్, అలా అనకండి" అంటున్నాను. ఆవిడ వినడం లేదు.

"ముప్పై ఏళ్లు ఆ పని చేశాను నేను. పిల్లల్ని కూర్చోబెట్టి, కంచం ముందుపెట్టి. అమ్మా, నాన్నా? ఎవరు కావాలి, ఎవరు వద్దు? పసిపిల్లల చేత ఎంచుకోమన్నాను." నా వైపు వంగింది. "నువ్వు ఆ రోజు..."

నోరు తెరవబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది.

"చెప్పకు. అప్పుడు నీకు పద్నాలుగేళ్లు. ఏమనుకున్నా అది నీది కాదు. నేను పెట్టిన కంచానిది."

నేను బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ మాట నాకు ఎవరో ఒకరు చెప్పాలని ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానని నాకే తెలియదు. ఏడుపు ఆగాక అడిగాను. "మరి మీకు కంచం పెట్టింది మేమే కదా మేడమ్? అప్పుడు అది మీది మాత్రం ఎలా అవుతుంది?"

ఆవిడ నా వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని, వదలకుండా, సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఆ విషయం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా మాట ఒప్పుకుందో లేదో ఈరోజుకీ తెలియదు నాకు. మనవరాలి పక్కన కూర్చుని మాత్రం మళ్లీ భోంచెయ్యలేదు.

సంతాపసభకి ముందు వారం, గురువారం నాడు ఆఫీసులో నా డెస్క్ దగ్గరే పెరుగన్నం తింటున్నాను. ఫోన్ మోగింది. చూస్తే మనవరాలు. ఎత్తాను. ఆ పిల్ల హలో అనలేదు.

"అమ్మమ్మ చనిపోయింది ఆంటీ. నిద్రలో" అంది. నేను నోట్లో ముద్దతో అలాగే ఉండిపోయాను. తను ఊపిరి తీసుకుని, "సారీ ఆంటీ, సడన్‌గా చెప్పేశాను. అమ్మమ్మే నాతో ప్రామిస్ చేయించుకుంది. మీకు మాత్రం ఫోన్ ఎత్తగానే చెప్పేయాలంది. తిన్నారా, ఎలా ఉన్నారు అని ఏమీ అడక్కుండా, ముందు ఎవరో చెప్పేయమంది" అంది.

ఎవరై ఉంటారో అని అనుకునేపాటి సమయం కూడా ఆవిడ నాకివ్వలేదు.